కాలు తగలని ఇరుసు

కువైట్‌లోని మంగఫ్‌లో తెలుగువాళ్ళెవరినైనా ఆపి బాలసుబ్బయ్య ఇల్లెక్కడని అడిగితే, ఏ బాలసుబ్బయ్య అని తిరిగి అడుగుతారు. బస్సు సుబ్బన్న అంటే మాత్రం వెంట వచ్చి మరీ గుమ్మం ముందు దించి పోతారు.

ఆ పేరు వచ్చిన కథ ఆయన కూతురు చిట్టి చిన్నప్పటి నుంచి ఫోన్లో వింటూనే పెరిగింది. ఒక ఎండాకాలం పొద్దున, సబ్హాన్‌లోని గోదాములకు కూలీలను తీసుకుపోయే కంపెనీ బస్సు రోడ్డు పక్కన ఇసుకలో దిగబడిందట. బస్సులో ఉన్న మగవాళ్ళంతా దిగి తోస్తే చక్రాలు ఇంకా లోతుకు పోయాయే గానీ కదల్లేదట. అప్పుడు బాలసుబ్బయ్య లారీ తాడొకటి భుజాలకు చుట్టుకుని, నేల వైపు వంగి, కోడెలాగా ఒక్కో అడుగే వేస్తూ బస్సును తారు మీదికి లాగాడట. అందరూ పనికి ఆలస్యంగా చేరారు. గోదాము పెద్ద, వాళ్ళు ముదీర్ అని పిలిచే ఆయన, తిట్టడానికే బయటికి వచ్చాడు. సంగతి విన్నాక నమ్మలేక, బస్సును మళ్ళీ ఇసుకలోకి దించి లాగి చూపించమన్నాడట. ఆ మాట దగ్గర ఫోన్లో నాయన నవ్వేవాడు. రాయచోటి దగ్గరి పల్లెలో, ఫోను చెవికి ఆనించుకున్న చిట్టి ‘ఊ’ అనేది. ఆమెకు తండ్రితో మాటలంటే ఆ ‘ఊ’లే.

చిట్టి పుట్టకముందే ఆయన కువైట్‌కు వచ్చేశాడు. రెండేళ్ళకో మూడేళ్ళకో సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు, తలుపు పట్టనంత మనిషి ఇంట్లోకి వంగి వస్తుంటే ఆమె వాళ్ళమ్మ శివపార్వతి చీర వెనక దాక్కునేది. ఆమె సిగ్గు తగ్గేసరికి ఆయన సెలవు అయిపోయేది. చిట్టికి పల్లె బడిలో పదో తరగతి అయ్యాక, ఆయనకు గోదాములో స్టోర్‌కీపర్ పని దొరికి, ఫ్యామిలీ వీసా వచ్చి, తల్లీ కూతుళ్ళిద్దరూ పోయినేడు మంగఫ్ వచ్చారు. చిట్టి ఇంట్లోనే ఓపెన్ స్కూల్ పుస్తకాలు చదువుకుంటోంది. ఒకే ఇంట్లో ఉంటున్నా తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలు మాత్రం ఫోన్లో ఉన్నన్ని కూడా లేవు. ఆమె సిగ్గు సంగతి సరే, అంత మనిషికీ కూతురంటే సిగ్గే. ఆమె ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే, “పాప పెరుగేసుకునిందేమో కనుక్కో” అని వంటింట్లో ఉన్న భార్యను అడుగుతాడు. “నీ ముందరే ఉండాది కదా, నోరు పడిపోయిందా?” అంటుంది శివపార్వతి. అప్పుడాయన పెరుగు గిన్నెను కూతురి వైపు రెండు వేళ్ళతో మెల్లగా జరుపుతాడు, అది ఏదో పెద్ద బరువైనట్టు.

ఆయన బరువులెత్తడం మొదలైంది ఈ ఊళ్ళోనే. మొదట్లో గోదాములో బియ్యం మూటలు మోసేవాడు. కడప టౌను నుంచి వచ్చిన ఖాసిం వలి ఒక బిల్డింగు అడుగు అంతస్తులో ఉన్న జిమ్ములో ట్రైనరుగా చేసేవాడు. మన జిల్లా మనిషని పలకరించడానికి పోయిన బాలసుబ్బయ్య, అక్కడ ఎవరో ఎత్తలేక వదిలేసిపోయిన ఇనుప కడ్డీని, దాని రెండు చివర్లా ఉన్న చక్రాలను చూసి, “ఇదేం ఇరుసుప్పా?” అని అడిగి, లుంగీ ఎగ్గట్టి ఎత్తేశాడు. ఖాసిం వలి ఆ పూటే ఆయనను పట్టుకున్నాడు, ఇంతవరకూ వదల్లేదు. ఆ తర్వాత ఏడాదికోసారి అన్ని దేశాల పనివాళ్ళకూ జరిగే పోటీలో, తన బరువు తరగతిలో బాలసుబ్బయ్య వరుసగా గెలుస్తూ వచ్చాడు. ఒకసారి జనం ముందు లారీ లాగాడు. ఇంకోసారి, మోకాలెత్తున్న సిమెంటు గుండ్లను ఒక్కొక్కటిగా ఎత్తి పీపాల మీద పెట్టాడు. ఒక పేపర్లో ఫోటో పడింది. పతకాలను సబ్బులు, నొప్పుల మందు డబ్బాలు, పాలపొడి పెట్టే అట్టపెట్టెలో కలిపి ఊరికి పంపేవాడు. వాటికి సబ్బు వాసన వచ్చేది. ఒకసారి చిట్టి ఒక పతకాన్ని బడికి తీసుకుపోయింది, అందరికీ చూపిద్దామని. సాయంత్రం దాకా సంచిలోంచి బయటికి తీయడానికి ధైర్యం రాక, తిరిగి తెచ్చి మేకుకు తగిలించింది.

ఇన్ని చేసిన మనిషికి ఒకటే చిక్కు. పోటీలో మూడు రకాల ఎత్తుళ్ళుంటాయి. భుజాల మీద బరువు పెట్టుకుని గొంతుక్కూర్చుని లేవడం ఒకటి, పడుకుని రొమ్ము మీంచి పైకి తోయడం రెండోది. ఆ రెండింటిలో ఆయనకు ఎదురు లేదు. మూడోది డెడ్‌లిఫ్ట్, నేల మీది కడ్డీని పట్టుకుని నిటారుగా నిలబడడం. చూడటానికి అదే తేలిక. ఆయనకు అదే గండం. వయసులో ఉన్నన్నాళ్ళూ బలంతో లాక్కొచ్చాడు. నలభై దాటాక నడుము తిరగబడింది. పోయిన రెండు పోటీల్లోనూ మూడో ఎత్తులోనే ఓడిపోయాడు, ఓడిపోయి మంచం కూడా పట్టాడు. పోయినేడైతే, పోటీ అయిన వారానికే ఊరి నుంచి దిగిన శివపార్వతి ఆయన చంకల కింద చీర వేసి లాగి మంచం మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఇంకోసారి ఇట్లా పట్టేస్తే నడుము ఇక బాగుపడదనీ, బరువులు కాదు కదా, నీళ్ళ క్యాను కూడా ఎత్తలేడనీ డాక్టరు తేల్చి చెప్పాడు.

శివపార్వతి కూడా తేల్చి చెప్పింది. “ఈ పోటీలో నడుం పట్టేసిందంటే ఖలాస్. ఆ పోటీ గుడ్డలు చింపి పొయ్యి తుడుస్తా.”

ఆయన ఎదురు చెప్పలేదు. ఈ ఒక్కసారికి పోనిమ్మని మాత్రం బతిమాలాడు. కారణం భార్యకు చెప్పాడు, చిట్టి పక్కగదిలోంచి విన్నది. ఇన్నేళ్ళలో ఎంతమంది చూసినా, పాప ఎప్పుడూ చూడలేదట. నడుము బాగున్నప్పుడే ఒక్కసారి పాప ముందర ఎత్తాలట.

ఆ మాట విన్నప్పటి నుంచి చిట్టికి అన్నం సరిగ్గా పోలేదు. తన కోసమని పోయి ఆయన నడుము విరగ్గొట్టుకుంటే? వద్దని చెబుదామంటే, ఆయనతో ఏదైనా చెప్పడమే ఆమెకు చేతకాని పని.

పోటీ దగ్గర పడ్డాక ఒక శుక్రవారం ఖాసిం వలి పట్టుబట్టి ఆమెను జిమ్ముకు తీసుకురమ్మన్నాడు. ముందే ఒకసారి చూస్తే పోటీనాడు బయపడదు కదా అని. చిట్టి గోడకు ఆనుకుని, ప్లాస్టిక్ కుర్చీలో మోకాళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చుంది. బాలసుబ్బయ్య చెప్పులు విడిచి, మేజోళ్ళు మోకాళ్ళ దాకా లాక్కుని, కడ్డీ ముందుకు వచ్చాడు. చెమట తుడుచుకుంటున్నట్టుగా కుడిచేతిని కడ్డీకి తాకించి కళ్ళ దగ్గరికి తీసుకుపోయాడు. అది చెమట తుడుచుకోవడం కాదని చిట్టికి ఆ క్షణమే తెలిసిపోయింది. ఆ తర్వాత ఆయన పిరుదులు వెనక్కి పెట్టి, చేతులు ముందుకు చాచి, వీపు విల్లులాగా వంచి, ఇనుమును కాళ్ళకు జానెడు దూరంగా పెట్టుకుని లేపాడు.

ఖాసిం వలి నెత్తి కొట్టుకున్నాడు. “ఇనుమును కాలికి ఆనించు బావా. కాలెంబడి రాసుకుంటా రావల్ల. అంత దూరంగా పెట్టుకుంటే బరువంతా నడుం మీదనే కదా పడేది.”

“గీరుకుంటాదిలే,” అన్నాడు బాలసుబ్బయ్య.

“మరి మేజోళ్ళు ఎందుకు తొడిగింది, అందానికా?” ఖాసిం వలి చిట్టి వైపు తిరిగాడు. “చూడు పాపా, మీ నాయనకు లారీ అంటే బయం ల్యా. చర్మం లేచిపోతాదని బయం. ఎన్నేండ్ల నుంచి మొత్తుకుంటాండానో, చెవిటోని ముందర శంఖం ఊదినట్టే.”

చిట్టి తలొంచుకుంది. ఆయనది భయం కాదని ఆమెకు తెలుసు. ఖాసిం వలి టౌనులో పుట్టి పెరిగినవాడు కాబట్టి అతనికి తెలియదు. ఊళ్ళో ఉగాదినాడు బండ్లన్నీ గుడి చుట్టూ తిరిగాక, ఒక పాత బండి ఇరుసును కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, రెండు చివర్లా ఇసుక మూటలు కట్టి రాళ్ళ మీద పెడతారు. మగవాళ్ళు స్నానం చేసి వచ్చి, దాన్ని కళ్ళకద్దుకుని ఎత్తుతారు. ఎత్తేటప్పుడు ఇరుసుకు కాలు తగలకూడదు. తగిలితే ఎత్తినట్టు కాదు. తగిలించినవాడు బిందెడు నీళ్ళు తెచ్చి ఇరుసు మీద పోసి, చుట్టూ తిరిగి దండం పెట్టి తప్పుకోవాలి, మళ్ళీ ఉగాది దాకా దాని దగ్గరికి రాకూడదు. తగిలిందా లేదా అని చూసే పని చిట్టి తాతది, అంటే బాలసుబ్బయ్య తండ్రిది. ఆయన చెంప నేలకు ఆనించి పడుకుని, ఇనుముకూ కాలికీ మధ్య వెలుతురు కనబడుతోందా అని చూసేవాడు. చిట్టి ఆయన వీపు మీద చెయ్యి వేసుకుని కూర్చునేది. అట్లా కూర్చుని ఆమె ఊళ్ళో మగవాళ్ళందరి వీపులూ చూసింది. నాయన వీపు ఇప్పుడు అచ్చం అట్లాగే వంగింది.

ఆ సంగతి ఖాసిం వలికి చెప్పలేకపోయింది. ఇన్నేళ్ళూ ఆయన దాచుకున్నదాన్ని నలుగురిలో బయట పెట్టినట్టవుతుంది. అమ్మకు చెబితే పోటీయే మానేయమంటుంది. చెప్పాల్సింది ఆయనకే. ఆ వారమంతా ఆమె నోటిదాకా వచ్చిన మాటను గుటకలతో మింగింది. ఆయనకు టీ గ్లాసు ఇచ్చేటప్పుడు ఒకసారి, చొక్కాకు గుండీ కుట్టి ఇచ్చేటప్పుడు ఒకసారి నిలబడిపోయింది. ఆయన కూడా ఏదో అడగబోతోందని ఆగేవాడు. ఇద్దరూ కాసేపు అట్లా నిలబడి ఎవరి దారిన వాళ్ళు పోయేవారు.

మరుసటి శుక్రవారం గోదాములో సరుకు దిగుతోందని కబురొస్తే, పాపను కూడా తీసుకుపో, నాలుగు గోడల మధ్య మగ్గిపోతాంది అని శివపార్వతి ఇద్దరినీ పికప్ బండి ఎక్కించింది. తిరిగి వస్తున్నప్పుడు సిగ్నల్ దగ్గర బండి ఆగింది. పక్కపక్కన కూర్చుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకునే పని లేదు. బహుశా అందుకే ఆమెకు నోరు పెగిలింది. ముందున్న లారీ వెనక రాసిన అరబ్బీ అక్షరాలను చూస్తూ అడిగింది.

“నాయనా, కడ్డీకి కాలు తగిలితే తప్పనేనా నువ్వు అట్ల ఎత్తేది?”

సిగ్నల్ పచ్చగా మారింది. ఆయన కదల్లేదు. వెనక కార్లు హారన్లు కొట్టాక కదిలాడు.

ముందున్న లారీని దాటాక ఆయన మొదలుపెట్టాడు. పందొమ్మిదేళ్ళ వయసులో మొదటిసారి ఇరుసు ముందుకు పోయానని చెప్పాడు. అప్పటిదాకా ఊళ్ళో ఎవరూ ఎత్తనన్ని మూటలు కట్టించాడట. ఎత్తాడట కూడా. జనం ఈలలు వేస్తుంటే, కింద నేల మీంచి వాళ్ళ నాయన లేచి, మట్టి దులుపుకుని, ఒకే మాట అన్నాడట, తగిలింది అని. ఊరంతా చూస్తుండగా బిందె తెచ్చి నీళ్ళు పోశాడట బాలసుబ్బయ్య. ఆ తర్వాత మూడు ఉగాదులు ఊళ్ళో ఉన్నా ఇరుసు జోలికి పోలేదు. తర్వాత కువైట్ వచ్చేశాడు.

“మరి తగిలిందా నాయనా?”

“ఈ పొద్దుటికీ తెలీదు పాపా. నాకేం తగిలినట్టనిపించలా. అయినా మా నాయన అబద్దం చెప్పే మనిషి కాదు కదా.” ఆయన స్టీరింగు మీద బొటనవేలితో రుద్దాడు. “కాసిం చెప్పేది నాకు అర్థం కాక కాదు. నేనెంత ముందుకు పెట్టినా, ఇనుము దగ్గిరికొస్తానే కాలు దానంతటదే యెనక్కి పోతాది. నవ్వుతారని ఎవురికీ చెప్పలా.”

చిట్టికి తాత గుర్తొచ్చాడు. అయితే నేల మీద పడుకున్న తాత కాదు, చేలో గుంటక మీద నిలబడిన తాత. దుక్కి దున్నాక గడ్డలు చితకడానికీ కలుపు కోయడానికీ ఎద్దులు లాగే గుంటక అది. దాని మీద బరువుండాలని తాత రెండు కాళ్ళూ పెట్టి నిలబడేవాడు, చిన్నపిల్లప్పుడు చిట్టిని కూడా తన పాదాల మధ్య కూర్చోబెట్టుకునేవాడు. గుంటకకు కూడా ఉగాదికి పసుపూ కుంకుమా పెడతారు.

“నేను తాతను అడిగినా,” అంది చిట్టి. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. “మొక్కినదాని మీద కాలు పెట్టొచ్చా అని. తాత ఏమన్న్యాడంటే, నిలబడబోతాండా అని చెప్పనీకే కదా పిచ్చిదానా మొక్కేది, అన్న్యాడు.”

బాలసుబ్బయ్య ఏసీ పెంచాడు, మళ్ళీ తగ్గించాడు. మంగఫ్ మలుపు వచ్చింది, దాటిపోయింది. ఇద్దరికీ ఆ సంగతి తెలిసేసరికి బండి అహ్మదిలో, రెండు పక్కలా చెట్లున్న వీధుల్లో పోతోంది.

“దోవ తప్పినామని మీయమ్మకు చెప్పొద్దు,” అన్నాడాయన.

“ఊ,” అంది చిట్టి.

ఆమె అనుకున్నట్టు మర్నాటి నుంచి అంతా మారిపోలేదు. ఆయన జిమ్ములో ప్రయత్నించాడు. ఇనుము మోకాలి కింద ఎముక దగ్గరికి రాగానే కాలు పక్కకు తప్పుకునేది, నిద్రలో దోమను తప్పించుకున్నట్టు. ఖాసిం వలి తిట్టడం కూడా మానేశాడు. అల్లా మీద భారం వేశానన్నాడు.

పోటీ ఒక స్పోర్ట్స్ క్లబ్బు హాల్లో జరిగింది. తల్లీ కూతుళ్ళు ముందు వరసలో, ఇనుప కటకటాలకు దగ్గరగా కూర్చున్నారు. శివపార్వతి ఒళ్ళో సంచి, సంచిలో వేడినీళ్ళ ప్లాస్కు, నడుముకు కట్టే గుడ్డ, నొప్పుల మందు డబ్బా ఉన్నాయి. పోటీ బట్టల్లో భర్త వేదిక ఎక్కినప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఇదేం అంగీనమ్మా, పసిబిడ్డది లాక్కొచ్చి తొడిగినట్టుండాది,” అంది. చిట్టి అప్పటిదాకా తండ్రిని నైటు ప్యాంటులోనూ యూనిఫారంలోనూ తప్ప చూడలేదు. భుజాల మీద అన్ని చక్రాల కడ్డీతో ఆయన కూర్చుని లేస్తుంటే, ఆమెకు ఇంట్లో పెరుగు గిన్నె జరిపే మనిషీ ఈయనా ఒకరేనా అనిపించింది. మొదటి రెండు రకాలూ అయ్యేసరికి ఆయన ముందున్నాడు. ఆయన వెనకే ఒక ఈజిప్టు కుర్రాడు ఉన్నాడు, ఆయన వయసులో సగం ఉంటుంది.

డెడ్‌లిఫ్ట్‌కు ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. మొదటిసారి బాలసుబ్బయ్య ఎప్పటిలాగే వంగి, ఎప్పటిలాగే దూరంగా పెట్టుకుని లేపాడు. ఎత్తు చెల్లిందని ముగ్గురు న్యాయనిర్ణేతలూ తెల్ల దీపాలు వెలిగించారు. కానీ వేదిక దిగుతూ ఆయన చెయ్యి నడుము మీదికి పోవడం శివపార్వతి చూసింది. రెండోసారి బరువు పెంచారు. కడ్డీ మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. వీపు గుండ్రంగా వంగింది, కాళ్ళు వణికాయి, కడ్డీ దబ్బున నేల మీద పడింది. ఎర్ర దీపాలు వెలిగాయి. ఆయన వెంటనే నిటారు కాలేకపోయాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కాసేపు అట్లాగే ఉన్నాడు.

శివపార్వతి లేచి కటకటాల దగ్గరికి పోయి ఖాసిం వలిని పిలిచింది. ఆమె గొంతు పెంచలేదు.

“చాలన్నా. మూడోది వద్దని చెప్పు. నాకు మనిషి కావల్ల.”

ఖాసిం వలి ఒక్క మాట కూడా ఎదురాడకుండా తలూపాడు. అతను పోయి చెబుతుంటే బాలసుబ్బయ్య వింటూ, వింటూ, జనంలోకి చూశాడు. భార్య వైపు కాదు, చిట్టి వైపు. ఆ చూపులో ఆమెను ఇంతదూరం ఊరికే రప్పించానే అన్న నొచ్చుకోలు ఉంది. ఆయన ఒప్పుకునేట్టే ఉన్నాడు. ఒప్పుకుంటే నడుము మిగులుతుంది. కానీ వంగిన వీపుతో, నేల మీద పడిన ఇనుముతో, పాప చూసిన ఒకే ఒక్క రోజు ముగిసిపోతుంది. అంత దూరానికి ఆమె గొంతు వినబడదు. వినబడినా, ఇంతమందిలో ఆమెకు గొంతు లేవదు.

చిట్టి లేచి నిలబడింది. కుడికాలి చెప్పు విడిచింది. ముందున్న కటకటాల అడుగు కమ్మీకి వంగి దండం పెట్టి, తర్వాత ఆ కమ్మీ మీద వట్టికాలు పెట్టి, ఎద్దుల పగ్గాలు పట్టినట్టు రెండు చేతులూ ముందుకు చాచింది. పక్కనున్న మలయాళీ ఆవిడ తన పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుంది. వెనక ఎవరో నవ్వారు. ఎవరో ఫోను ఎత్తారు. చిట్టి చెవులు మండిపోయాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా కాలు తీయలేదు. శివపార్వతి ఇటు తిరిగి చూసి, కూతురికేమైందో తెలియక నిలబడిపోయింది.

బాలసుబ్బయ్య చాలాసేపు చూశాడు. తర్వాత ఖాసిం వలి చెవిలో ఏదో అన్నాడు. ఖాసిం వలి రెండు చేతులూ వెల్లకిలా తిప్పుకుంటూ కటకటాల దగ్గరికి వచ్చాడు. “వినలేదమ్మా. మా పాప చెప్పిందంటాడు. ఏం చెప్పింది పాప, యాడ చెప్పింది?”

మూడోసారి పేరు పిలిచారు. వేదిక మీద ఆయన ఈసారి చెమట తుడుచుకుంటున్నట్టు నటించలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో కడ్డీని ముట్టుకుని, అందరి ముందే కళ్ళకద్దుకున్నాడు. పెదాలు కదిలాయి. ముందు కూర్చున్న న్యాయనిర్ణేత గడియారం వైపు చూశాడు. బాలసుబ్బయ్య లేచాడు. పాదాలు ముందుకు జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. ఇనుము కాలి ఎముకకు ఆనింది. చలికాలపు కాలవలో కాలు పెట్టినవాడిలా ఆయన ఒక్కసారి ఉలిక్కిపడడం చిట్టికి కనబడింది. కాలు మాత్రం వెనక్కి పోలేదు.

ఆయన వంగి పట్టుకున్నాడు. కడ్డీ నేలను వదిలింది. అది కాలి వెంబడి పైకి రాసుకుంటూ, మేజోడును ముడతలుగా తోసుకుంటూ వచ్చింది. మోకాళ్ళ దగ్గర ఆగుతుందని హాలంతా ఊపిరి పట్టింది. అక్కడ ఆగకుండా, తొడల మీదుగా ఇంకా పైకి వచ్చింది. బాలసుబ్బయ్య నిలబడ్డాడు. వీపు గుంజలాగా నిటారుగా ఉంది. దించమని న్యాయనిర్ణేత చెయ్యి ఊపేదాకా అట్లాగే నిలబడి, ఆయన కూతురి వైపే చూశాడు. తర్వాత నెమ్మదిగా దించాడు. మూడూ తెల్ల దీపాలే.

ఖాసిం వలి ఉన్నచోటే నేల మీద కూలబడి, నేను ఇన్నేండ్లు చెప్పిందీ ఇదే కదా యా అల్లా, అని తనలో తాను గొణుక్కున్నాడు.

గెలిచింది మాత్రం ఈజిప్టు కుర్రాడే. తన మూడోసారికి వాడు ఇంకా కొంచెం ఎక్కువ బరువు ఎత్తాడు. ఎత్తి, నేరుగా వచ్చి బాలసుబ్బయ్య భుజం మీద ముద్దు పెట్టుకుని పోయాడు.

అంతా అయ్యాక, హాలు వెనక మెట్ల మీద శివపార్వతి భర్తను కూర్చోబెట్టి నడుము తడిమింది. అక్కడ నొప్పా, ఇక్కడ నొప్పా అని అడిగింది. ఎక్కడా లేదన్నాడాయన. నమ్మకుండా మళ్ళీ తడిమింది. అప్పుడు మేజోడు కిందికి లాగి, చర్మం లేచి రక్తం కారిన కాలిని చూసింది. తెచ్చిన మందు ఎట్లాగూ ఉంది కదా అని, కంగారులో ఆ నొప్పుల మందునే గాయం మీద పూసేసింది. అంత బరువు ఎత్తినప్పుడు కిక్కురుమనని మనిషి ఒంటికాలి మీద మెట్లన్నీ గెంతాడు. చిట్టికి నవ్వాగలేదు. చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి నవ్వింది. ఆయన గెంతడం ఆపి, ఆ నవ్వును వింటూ నిలబడ్డాడు.

“నాయనా,” అంది చిట్టి, నవ్వు తగ్గాక. “కడ్డీకి ఏం చెప్పినావు?”

“ఏముంది. కాలు పెట్టబోతాండా, తప్పయితే నాకేం తెలీదు, మా పాపే పెట్టమన్నింది, ఏదన్నా ఉంటే ఆ పిల్లనే అడుగు అన్న్యా.”

“అంటే తప్పు నాకు, పతకం నీకా?”

బాలసుబ్బయ్య వెండి పతకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఆ ఈజిప్టోన్ని గూడా నువ్వే చూసుకోనుంటే బంగారుదే వచ్చుండు,” అన్నాడు.

“బాగుంది సంబడం. నడుం నడుం అని నేనేడుస్తాంటే, నాయనా బిడ్డా నవ్వుకోని పంచుకుంటాండారు. నడవండి ఇంగ,” అంది శివపార్వతి.

ఆయన సంచి కోసం వంగాడు. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి ఆయన నడుమును పట్టుకోవడానికి ముందుకు పోయింది. అప్పటికే ఆయన సంచి భుజాన వేసుకుని, మెట్లు దిగి, బండి వైపు నడిచిపోతున్నాడు. ఆమె చెయ్యి పట్టుకోవడానికి ఏమీ దొరక్క కాసేపు గాల్లోనే ఉండి, చివరికి కూతురి భుజం మీద వాలింది.